జీతం నిర్ణయించాకే తొలి పాఠం: మౌలానా ఖాసిమ్ నానౌతవీ (రహ్మ)

దేవ్‌బంద్ దారుల్ ఉలూం పేరు వినని ముస్లిం కుటుంబం తెలుగునాట దాదాపు ఉండదు. మన ఊళ్ళ మసీదుల్లో నమాజు చేయించే ఇమాముల్లో, మక్తబుల్లో పిల్లలకు ఖాయిదా చెప్పే హాఫిజుల్లో ఎందరో ఆ విద్యాలయంలోనో, దాని నీడన పుట్టిన మరో మద్రసాలోనో చదువుకున్నవారే. కాని ఆ విద్యాలయానికి పునాది వేసిన పెద్దల్లో ముఖ్యులైన హజ్రత్ మౌలానా ముహమ్మద్ ఖాసిమ్ నానౌతవీ (రహ్మతుల్లాహి అలైహ్) గారి గురించి తెలుగు పాఠకులకు తెలిసింది తక్కువ. తెలిసిన కొద్దిపాటి కూడా ఆయన పాండిత్యం గురించి, వాదపటిమ గురించి, దైవభక్తి గురించి. ఒక సంస్థను ఆయన ఎలా నిలబెట్టారు, అందులో పనిచేసేవారి విషయంలో ఏ నియమాలు పెట్టారు అన్నది ఎవరూ అంతగా చెప్పరు. ఈ శుక్రవారం ఆ సంగతే చెప్పుకుందాం. ఆయన గ్రంథాల మీద పండితుల మధ్య వాదోపవాదాలు ఉన్న మాట నిజమే. ఆ జోలికి నేను పోవడం లేదు.

ఖాసిమ్ గారు క్రీ.శ. 1833లో సహారన్‌పూర్ జిల్లా నానౌతా అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి పేరు షేక్ అసద్ అలీ. ఉన్నంతలో గుట్టుగా బతికే కుటుంబం. తొలి చదువు సొంత ఊళ్ళో, దేవ్‌బంద్‌లో, సహారన్‌పూర్‌లో సాగింది. పదేళ్ళు దాటిన వయసులో, 1844 ప్రాంతంలో, తమ ఊరివారే అయిన మౌలానా మమ్లూక్ అలీ గారి వెంట ఢిల్లీ చేరారు. మమ్లూక్ అలీ గారు ఢిల్లీ కాలేజీలో అరబీ బోధించే మహాపండితులు. ఆ గురువు వద్దే రషీద్ అహ్మద్ గంగోహీ గారితో స్నేహం కుదిరింది. ఆ స్నేహం కడదాకా నిలిచింది. హదీసు విద్యను షాహ్ అబ్దుల్ గనీ ముజద్దిదీ గారి వద్ద అభ్యసించారు.

చదువు ముగిశాక ఏ కొలువులో చేరాలన్న ప్రశ్న వచ్చింది. ఆ రోజుల్లో అరబీ, ఫారసీ వచ్చిన యువకుడికి సర్కారు నౌకరీ దొరకడం పెద్ద కష్టం కాదు. ఈడువాళ్ళు మంచి జీతాలు తెచ్చుకుంటుంటే, కొడుకు చేతిలో నాలుగు రూపాయలు నిలవడం లేదని తండ్రికి బెంగ ఉండేదట. ఖాసిమ్ గారు మాత్రం అచ్చుయంత్రాల పని ఎంచుకున్నారు. ఢిల్లీలో మౌలానా అహ్మద్ అలీ సహారన్‌పూరీ గారి ముద్రణాలయం 'మత్బా అహ్మదీ'లో ప్రూఫులు దిద్దేవారు. సహీహ్ బుఖారీ అచ్చవుతున్న కాలం అది. చివరి కొన్ని భాగాలకు అంచుల్లో వివరణలు రాసే బాధ్యతను అహ్మద్ అలీ గారు ఈ యువకుడికే అప్పగించారు. అంత పెద్ద గ్రంథంలో అంత బరువైన పని పాతికేళ్ళు నిండని వాడికి ఇవ్వడమేమిటని కొందరు పెదవి విరిచారని, పని చూశాక నోరు మూసుకున్నారని పెద్దలు చెబుతారు.

1857 తిరుగుబాటులో షామ్లీ పోరాటం గురించి, ఆ తరువాత ఆయనపై వెలువడిన వారంటు గురించి దేవ్‌బంద్ చరిత్రల్లో వివరంగా ఉంది. గురువు హాజీ ఇమ్దాదుల్లాహ్ గారు మక్కాకు వలస వెళ్ళారు. గంగోహీ గారు ఆరు నెలలు జైల్లో ఉన్నారు. ఖాసిమ్ గారు పట్టుబడలేదు. 1860లో హజ్ యాత్రకు బయలుదేరి, తిరిగి వచ్చాక మీరట్‌లో మున్షీ ముమ్తాజ్ అలీ గారి ముద్రణాలయంలో మళ్ళీ ప్రూఫులు దిద్దే పనిలోనే చేరారు. జీతం కొద్ది. ముతక కుర్తా, లుంగీ. ఆయన పేరు విని చూడటానికి వచ్చినవాళ్ళు ఎదురుగా ఉన్న ఆయననే ఎవరో పల్లెటూరి మనిషి అనుకుని, మౌలానా గారు ఎక్కడని అడిగేవారట.

ఇక్కడ ఆ కాలపు పరిస్థితి కొంచెం చెప్పాలి. అంతకు ముందు మద్రసా అంటే ఏదో ఒక పండితుని ఇల్లు, లేదా ఏదో ఒక నవాబు దయ. పండితుడు ఇంటి అరుగు మీద కూర్చుని పాఠం చెప్పేవాడు. ఆయన కన్నుమూస్తే చదువూ ముగిసేది. నవాబు పోషించే చోట ఉస్తాదు బతుకు నవాబు మనసుపై ఆధారపడి ఉండేది. 1857 తరువాత ఆ నవాబులూ లేరు, ఢిల్లీలో ఆ అరుగులూ లేవు. వక్ఫు ఆదాయాలు పోయాయి. మరి దీన్ విద్య నిలవాలంటే ఎవరు నిలబెట్టాలి?

దేవ్‌బంద్ పెద్దలు కనుగొన్న జవాబు చందా. సామాన్య ముస్లిములు తలా ఇంత ఇచ్చి నడిపే విద్యాలయం. ఈ రోజు మనకు ఇది మామూలు సంగతిగా కనిపిస్తుంది. ఆనాడు ఇది కొత్త ప్రయోగం. దేవ్‌బంద్‌లో హాజీ ఆబిద్ హుసేన్ గారు అనే సాధుపురుషులు ఒక ఉదయం తన గుడ్డనే జోలెగా చేసి, ముందుగా తన మూడు రూపాయలు అందులో వేసి, ఇంటింటికీ వెళ్ళారు. సాయంత్రానికి కొన్ని వందల రూపాయలు పోగయ్యాయి. వెంటనే మీరట్‌లో ఉన్న ఖాసిమ్ గారికి, మీరు వచ్చి పాఠం చెప్పండి అని ఉత్తరం రాశారు.

దానికి ఖాసిమ్ గారు పంపిన జవాబు చిన్నది. సంతోషించాను, అల్లాహ్ మేలు చేయుగాక, ముల్లా మహ్మూద్ గారిని నెలకు 15 రూపాయల జీతంపై నియమించి పంపుతున్నాను, ఆయన చదువు చెబుతారు, నేను ఇక్కడి నుండే మద్రసా కోసం పాటుపడతాను అన్నది దాని సారాంశం.

ఈ ఉత్తరాన్ని మన ప్రసంగాల్లో తరచూ వింటాం. ఆ పెద్దల చిత్తశుద్ధికి గుర్తుగా చెబుతారు. నిజమే. అయితే నా కళ్ళు ప్రతిసారీ ఆ 15 రూపాయల దగ్గరే ఆగుతాయి. మద్రసాకు ఇంకా కట్టడం లేదు. విద్యార్థి లేడు. పేరు కూడా పెట్టలేదు. చేతిలో ఉన్నది గుడ్డలో పోగైన చందా మాత్రమే. రేపు ఎవరిస్తారో తెలియదు. అలాంటి వేళ రాసిన మొదటి ఉత్తరంలోనే ఉస్తాదు పేరు పక్కన జీతం అంకె ఉంది. అల్లాహ్ పని కదా, ముందు మొదలుపెట్టండి, జీతం సంగతి తరువాత చూద్దాం అని ఆయన ముల్లా మహ్మూద్ గారిని పంపలేదు.

హిజ్రీ 1283 ముహర్రం 15, అంటే 1866 మే 30న, ఛత్తా మసీదు ఆవరణలో దానిమ్మ చెట్టు నీడన పాఠం మొదలైంది. బోధకుడు ముల్లా మహ్మూద్, తొలి విద్యార్థి పేరూ మహ్మూదే. ఆ కుర్రవాడే తరువాతి కాలంలో షేఖుల్ హింద్ మౌలానా మహ్మూద్ హసన్ గారిగా ప్రసిద్ధులై, మాల్టా చెరసాలలో మగ్గి, 1920లో పరమపదించారు. విద్యార్థుల సంఖ్య త్వరలోనే పెరిగింది. బయటి ఊళ్ళ పిల్లలకు దేవ్‌బంద్ ఇళ్ళవారు తలా ఒకరికి భోజనం పెట్టే బాధ్యత తీసుకున్నారు. ప్రధానోపాధ్యాయులుగా వచ్చినవారు గురువు మమ్లూక్ అలీ గారి కుమారుడు మౌలానా ముహమ్మద్ యాఖూబ్ నానౌతవీ గారు. ఆయన అంతకు ముందు సర్కారు విద్యాశాఖలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవారు. అక్కడ వచ్చిన జీతంలో కొద్ది భాగానికే ఇక్కడికి వచ్చారు.

మరి ఖాసిమ్ గారి జీతం? లేదు. ఆయన ఆ మద్రసా నుండి జీవితాంతం ఒక్క పైసా తీసుకోలేదు. పోషకులుగా, మార్గదర్శిగా ఉన్నారు. నిర్వాహక పదవి హాజీ ఆబిద్ హుసేన్ గారికి, ఆ తరువాత మౌలానా రఫీఉద్దీన్ గారికి వదిలారు. తన ఇల్లు గడవడానికి మీరట్ ముద్రణాలయాల్లో ప్రూఫులు దిద్దుతూనే ఉన్నారు. ఆ పని మధ్యలోనే తన చుట్టూ చేరిన విద్యార్థులకు హదీసు పాఠం చెప్పేవారు. మద్రసాకు వచ్చినప్పుడు తన సొంత ఉత్తరం ఒకటి అక్కడి కలంతో, సిరాతో రాస్తే, ఒక అణా మద్రసా ఖజానాలో వేసేవారని మా ఉస్తాదులు చెప్పేవారు.

ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. తనకు సున్నా, ఉస్తాదుకు పదిహేను. త్యాగం చేయవలసింది తానని ఆయనకు తెలుసు. ఆ త్యాగాన్ని ఇంకొకరి సంచిలోంచి తీయలేదు.

దారుల్ ఉలూం కోసం ఆయన స్వహస్తాలతో రాసిన ఎనిమిది సూత్రాలను 'ఉసూలె హష్త్‌గానా' అంటారు. మద్రసాలో చదివినవారందరికీ వీటి పేరు తెలుసు. అందులో అందరూ నోటికి చెప్పేది ఆరవది. మద్రసాకు నిలకడైన ఆదాయం లేనంత కాలం, అల్లాహ్‌పై భరోసాతో అది ఇన్‌షా అల్లాహ్ నడుస్తుంది. జాగీరో, కర్మాగారమో, వ్యాపారమో, ఏ పెద్ద ధనవంతుని గట్టి హామీయో దొరికితే, దేవుని వైపు మనసును తిప్పే ఆశాభయాలు పోతాయి, పైనుంచి వచ్చే సహాయం ఆగుతుంది, పనిచేసేవారిలో తగాదాలు పుడతాయి. ఏడవ సూత్రం ప్రభుత్వమూ ధనవంతులూ ఇందులో భాగస్వాములు కావడం హానికరమని చెబుతుంది. ఎనిమిదవది పేరు కోరనివారి చందాలో ఎక్కువ బర్కత్ ఉంటుందంటుంది.

గొప్ప మాటలు. కాని ఈ ఆరవ సూత్రాన్ని మన నిర్వాహకుల్లో కొందరు ఎవరి మీద ప్రయోగిస్తున్నారో చూస్తే బాధ కలుగుతుంది. తవక్కుల్ నేర్చుకోవలసిన వ్యక్తిగా వారికి కనబడేది మూడు నెలలుగా జీతం అందని హాఫిజ్ గారు. నేను కొంత కాలం పనిచేసిన ఒక చోట ముఖద్వారానికి పాలరాయి పరిచారు, ఆ ఏడాదే వంటవాడికి, ఇద్దరు ఉస్తాదులకు నాలుగు నెలల జీతం బాకీ పడింది. అడిగితే అల్లాహ్‌పై నమ్మకం లేదా అన్న జవాబు వచ్చింది. ఖాసిమ్ గారి సూత్రంలో ఆశాభయాల మధ్య ఉండాలని ఆయన కోరింది సంస్థను. ఆ ఆశాభయాలతో రాత్రి నిద్ర పట్టకుండా ఉండవలసింది దాన్ని నడిపేవారు. నెలాఖరున కిరాణా కొట్టువాడికి సమాధానం చెప్పుకోవలసిన ఉస్తాదు కాదు. సూత్రాల్లో మొదటిదే చూడండి. చందా పెరిగేలా మద్రసా కార్యకర్తలు ఎల్లప్పుడూ కృషి చేయాలి, ఇతరుల చేత కూడా చేయించాలి అంటుంది. రెండవది విద్యార్థుల భోజనం నిలవాలని, వీలైతే పెరగాలని, మద్రసా మేలు కోరేవారు పాటుపడాలంటుంది. అంటే భరోసా కంటే ముందు వరుసలో ఆయన తిరుగుడును, అన్నాన్ని పెట్టారు.

ఇది మద్రసాల ఒక్కదాని సంగతే కాదు. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు ఇప్పుడు హైదరాబాదులో స్టార్టప్ అని పిలిచే కొత్త సంస్థలో ఉద్యోగం చేస్తున్నాడు. పేదలకు చౌకగా ఏదో అందించడం వాళ్ళ ఆశయమట. మంచిదే. రాత్రి పదకొండు దాకా పని. జీతం ఆలస్యం. ఎవరైనా నోరు తెరిస్తే, మనం లోకాన్ని బాగు చేయడానికి వచ్చామా, డబ్బుకోసం వచ్చామా అని యజమాని అడుగుతాడట. వాడు ఆ మాట చెబుతుంటే నాకు ఆ పాలరాతి గుమ్మమే గుర్తొచ్చింది. ఆశయం ఎంత పెద్దదైతే అంత సులువుగా కూలి ఎగ్గొట్టవచ్చు. చెమట ఆరకముందే కూలి చేతికివ్వమన్న దైవప్రవక్త (సఅసం) ఆదేశంలో, ధార్మిక సంస్థలకు మినహాయింపు నాకు ఎక్కడా కనబడలేదు.

ఇక మూడవ సూత్రం. నా మటుకు ఎనిమిదింటిలో ఇదే కష్టమైనది. బహుశా అందుకే దీన్ని ప్రసంగాల్లో తక్కువగా వింటాం. సలహాదారులు మద్రసా మేలునే దృష్టిలో పెట్టుకోవాలి, తమ మాటే నెగ్గాలని పట్టుపట్టకూడదు. తమ అభిప్రాయానికి వ్యతిరేకమైన మాట వినడం సభ్యులకు ఇష్టం లేని రోజు వస్తే, ఆ విద్యాలయం పునాది కదిలిపోతుందని ఆయన రాశారు. ఎదుటివారి మాట బాగుంటే మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ముహ్తమిమ్, అంటే నిర్వాహకుడు, ముఖ్యమైన పనుల్లో తప్పక సంప్రదించాలి. ఎవరిని? ఎప్పుడూ సలహా ఇచ్చే సభ్యులనే కాదు, అప్పుడే ఊళ్ళోకి వచ్చిన మనిషైనా సరే, విద్యా వివేకమూ ఉండి మద్రసా మేలు కోరేవాడైతే అతనినీ అడగవచ్చు. ఏదో కారణంగా ఒక సభ్యుణ్ణి అడగడం కుదరక, తగినంత మందిని అడిగి పని చేస్తే, నన్నెందుకు అడగలేదని ఆ సభ్యుడు అలగకూడదు. ముహ్తమిమ్ ఎవరినీ అడగకుండా చేస్తే మాత్రం ప్రతి సభ్యుడికీ నిలదీసే హక్కు ఉంది.

ఎంత లోతుగా మనిషి స్వభావాన్ని చూసి రాశారో గమనించండి. పెత్తనం చేసేవాడి అహాన్నీ పట్టుకున్నారు, అలిగే సభ్యుడి అహాన్నీ పట్టుకున్నారు. నాలుగవ సూత్రంలో ఉస్తాదుల వంతు. వారంతా ఒకే మార్గంలో ఉండాలి, తమను తాము గొప్ప చేసుకుంటూ ఇతరులను కించపరిచే ధోరణి ఉండకూడదు. ఆ రోజు వస్తే మద్రసాకు మేలు లేదని హెచ్చరించారు.

ఈ సూత్రాలు రాసిన మనిషి వాటిని ఎంతవరకు పాటించారన్నది ఒక్క సంఘటనలో తెలుస్తుంది. పదేళ్ళు గడిచేసరికి విద్యార్థులు పెరిగారు. మసీదు ఆవరణలు చాలడం లేదు. కొత్తగా కట్టిన జామా మసీదులో సర్దుకుంటే చాలని హాజీ ఆబిద్ హుసేన్ గారి అభిప్రాయం. ప్రత్యేకంగా కట్టడం కట్టాలని, రేపటి అవసరం ఈ రోజు చూడాలని ఖాసిమ్ గారి అభిప్రాయం. షూరా రెండవ అభిప్రాయం వైపు మొగ్గింది. హిజ్రీ 1292లో శంకుస్థాపన రోజు వచ్చింది. పెద్దలంతా చేరారు. హాజీ గారు మాత్రం నొచ్చుకుని రాకుండా ఛత్తా మసీదులోని తన గదిలో ఉండిపోయారు.

తీర్మానం నెగ్గింది, జనం పోగయ్యారు, ముహూర్తం దగ్గరపడింది. ఒక మనిషి రాకపోతే ఏమవుతుంది? అలా అనుకునేవారే ఎక్కువ. ఖాసిమ్ గారు అక్కడ నుండి లేచి హాజీ గారి గదికి వెళ్ళారు. మీరు పెద్దలు, మేము చిన్నవాళ్ళం, తప్పుంటే మన్నించండి అన్న రీతిలో బతిమాలారు. హాజీ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఖాసిమ్ గారూ కంటతడి పెట్టారు. ఇద్దరూ కలిసి శంకుస్థాపనకు వచ్చారు. మొదటి రాయి వేయించింది ఎవరి చేత? మౌలానా అహ్మద్ అలీ సహారన్‌పూరీ గారి చేత. ఒకప్పుడు ఢిల్లీలో తనకు ప్రూఫులు దిద్దే పని ఇచ్చిన ముద్రణాలయం యజమాని ఆయనే. ఆ కట్టడమే ఈనాటికీ కనిపించే 'నౌదరా'.

తాను నెగ్గిన విషయంలో తానే వెళ్ళి క్షమాపణ అడగడం ఎంత కష్టమో ఏ కమిటీలోనైనా ఒక్క ఏడాది కూర్చున్నవారికి తెలుస్తుంది.

లెక్కల విషయం కూడా చెప్పాలి. దారుల్ ఉలూం తొలి ఏడాది నుండే 'రూదాద్' పేరిట వార్షిక నివేదిక అచ్చువేసింది. ఎవరు ఎంత ఇచ్చారు, దేనికెంత ఖర్చయింది అన్నది అందులో ఉండేది. ధాన్యం ఇచ్చినవారి పేరు, పుస్తకం ఇచ్చినవారి పేరు కూడా. దాతల జాబితాలో హిందూ సోదరుల పేర్లూ ఉన్నాయి. పరీక్షలు రాతపూర్వకంగా జరిగేవి. షూరా సభ్యుల్లో మౌలానా జుల్ఫిఖార్ అలీ, మౌలానా ఫజ్లుర్రహ్మాన్ గార్లు సర్కారు విద్యాశాఖలో డిప్యూటీ ఇన్‌స్పెక్టర్లుగా పనిచేసినవారే. ఇంగ్లీషువారి పాలనను ఏవగించుకున్న ఆ పెద్దలు వారి కార్యాలయాల క్రమపద్ధతిని, రిజిస్టర్లను మాత్రం నిస్సంకోచంగా తీసుకున్నారు. సంస్థ ఒక కుటుంబం సొత్తు కాకూడదంటే రిజిస్టరు ఉండాలని వారు గ్రహించారు.

ఇలాంటి చోట పనిచేసినవారు ఎలా తయారయ్యారో చూడండి. పాఠం వేళలో ఎవరైనా చుట్టం వస్తే, ఆ సమయాన్ని కాగితంపై రాసుకుని, నెలాఖరున అంత మేరకు జీతం కోయించుకునే ఉస్తాదులు అక్కడ ఉండేవారట. షేఖుల్ హింద్ గారికి జీతం పెంచాలని షూరా తీర్మానిస్తే, ఇప్పుడున్నదే ఎక్కువ అని ఆయన ఒప్పుకోలేదని చెబుతారు. ఖాసిమ్ గారి తరువాతి రోజుల్లో ముహ్తమిమ్‌గా పనిచేసిన మౌలానా మునీర్ నానౌతవీ గారి కథ మరీ ప్రసిద్ధం. ఆ రూదాద్ అచ్చు కోసమే 250 రూపాయలు తీసుకుని ఆయన ఢిల్లీ వెళ్ళారు. సొమ్ము దొంగల పాలైంది. ఎవరికీ చెప్పకుండా ఊరికి వెళ్ళి, తన భూమి అమ్మి, ఆ సొమ్ముతో రూదాద్ అచ్చువేయించి తెచ్చారు. కొన్నాళ్ళకు సంగతి బయటపడింది. షూరా సభ్యులు ఊరుకోలేదు. గంగోహీ గారికి రాసి ఫత్వా అడిగారు. సొమ్ము అమానత్, ఆయన అశ్రద్ధ లేదు, కాబట్టి నష్టం ఆయన భరించనక్కర్లేదని గంగోహీ గారు తీర్పు పంపారు. ఫత్వా చూపించి డబ్బు వెనక్కి తీసుకోమన్నారు. ఆయన తీసుకోలేదు. రషీద్ అహ్మద్ గారు ఈ ఫిఖ్‌హ్ అంతా నా కోసమే చదివారా, నా స్థానంలో ఆయన ఉంటే తీసుకునేవారా అని నవ్వేశారట.

ఈ కథ చెప్పేటప్పుడు మనం మునీర్ గారి దగ్గరే ఆగిపోతాం. నన్ను ఎక్కువ ఆకట్టుకునేది ఆ సభ్యులు. పనిచేసేవాడు నష్టం తన నెత్తిన వేసుకున్నాడు. హాయిగా ఊరుకుని, ఎంత త్యాగమూర్తి అని మెచ్చుకుంటే సరిపోయేది. వాళ్ళు కాగితం పట్టుకుని గంగోహ్ దాకా రాశారు. ఇచ్చేవాళ్ళు ఇస్తామని వెంటబడాలి, పుచ్చుకునేవాళ్ళు వద్దని అనవచ్చు. ఆ వద్దు అనే హక్కు పుచ్చుకునేవాడిది. దాన్ని ముందే తన జేబులో వేసుకునే అధికారం ఇచ్చేవాడికి లేదు.

ఖాసిమ్ గారు దేవ్‌బంద్‌తో ఆగలేదు. మురాదాబాద్, గలావఠీ వంటి చోట్ల ఆయన ప్రోత్సాహంతో మద్రసాలు వెలిశాయి. ఏదీ దేవ్‌బంద్ చేతికింద శాఖగా ఉండాలని ఆయన కోరలేదు. 1876, 1877లలో షాజహాన్‌పూర్ జిల్లా చాందాపూర్‌లో జరిగిన మతచర్చల్లో ఇస్లాం తరఫున మాట్లాడారు. మూడవ హజ్ నుండి తిరిగి వస్తూ జబ్బుపడ్డారు, ఆ తరువాత పూర్తిగా కోలుకోలేదు. 1880 ఏప్రిల్ 15న దేవ్‌బంద్‌లో కన్నుమూశారు. అప్పటికి వయసు నలభై ఏడేళ్ళు మాత్రమే. ఆలోచనల్లో ఆయనతో ఎంతో దూరం ఉన్న సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారు సైతం తన అలీగఢ్ పత్రికలో ఆయన గురించి ఎంతో గౌరవంతో నివాళి రాశారు.

ఆయన తరువాత అన్నీ ఆయన రాసినట్టే జరగలేదు. ధనవంతులు, ప్రభుత్వాల విషయంలో ఆయన అంత హెచ్చరించినా, కొంత కాలానికి మన హైదరాబాద్ నిజాం ప్రభుత్వం నుండి దారుల్ ఉలూంకు నెలసరి సహాయం అందింది. అది తప్పా ఒప్పా అన్నది పెద్దలు చూసుకున్నారు. పెరిగిన సంస్థకు ఖర్చులూ పెరుగుతాయి. అయితే మూడవ సూత్రంలోని హెచ్చరిక మాత్రం నిజమైంది. ఆయన మనుమడు ఖారీ ముహమ్మద్ తయ్యిబ్ గారు అర్ధశతాబ్దం పాటు ముహ్తమిమ్‌గా గొప్ప సేవ చేశారు. 1980ల ఆరంభంలో షూరాకూ ఆయన వర్గానికీ మధ్య వచ్చిన విభేదం ముదిరి, ఒకే ఊళ్ళో రెండు దారుల్ ఉలూంలు ఏర్పడ్డాయి. ఎవరిది న్యాయమో తేల్చే అర్హత నాకు లేదు. ఆ రెండు వైపులా ఉన్నవారు ఆ ఎనిమిది సూత్రాలను గోడకు వేలాడదీసుకున్నవారే.

ఖాసిమ్ గారి కుమారుడు హాఫిజ్ ముహమ్మద్ అహ్మద్ గారు చాలా కాలం దారుల్ ఉలూం ముహ్తమిమ్‌గా ఉండి, 1920లలో హైదరాబాద్ సంస్థానానికి ముఫ్తీగా వచ్చారు. 1928లో హైదరాబాద్ నుండి తిరిగి వెళ్తూ నిజామాబాద్‌లో కన్నుమూశారు. భౌతికకాయాన్ని వెనక్కి తెచ్చి హైదరాబాద్‌లో 'ఖిత్తయె సాలిహీన్' అనే చోట ఖననం చేశారు. తండ్రి సమాధి దేవ్‌బంద్‌లో దారుల్ ఉలూంకు దగ్గరలోనే, పచ్చి మట్టి సమాధుల మధ్య ఉంది. మొదటి ఉస్తాదుకు 15 రూపాయల జీతం రాసిచ్చిన ఆ చేతులు అక్కడే విశ్రమిస్తున్నాయి.